జెంఘిజ్ ఖానా, చెంఘిజ్ ఖానా?

అక్షరభిక్షువు: ఈ మంగోలు చక్రవర్తి మీద బాసన్‌జబ్ కథానాయకుడిగా 2004లో వచ్చిన చైనా సీరియల్‌ను తెలుగులో డబ్ చేయాలంటే పేరు దగ్గరే చిక్కు. "...ఘిజ్ ఖాన్, తామర్లేనూ, నాదిర్షా, ఘజ్నీ, ఘోరీ" అన్న శ్రీశ్రీ పాదాలు చెవిలో మోగుతున్నాయి గానీ, మొదటి అక్షరం జెం అనా, చెం అనా? ఛందస్సు తేలుస్తుందా?

గురులఘువు: తేల్చదండి. పాదానికి 14 మాత్రలు. జెం, ఘిజ్, ఖాన్ మూడూ గురువులే, ఆరు, తామర్లేనూ ఎనిమిది. చెం అన్నా, చింగిస్ అన్నా అదే ఆరు. చివరికి తామర్లేన్‌నే "తైమూర్లంగూ" అన్నా ఎనిమిదే! సరిపోయే పేరు చేతిలో ఉండీ తామర్లేనూ అన్నాడంటే ఆ లేనూ దీర్ఘం కోసమే.

ఉర్దూప్రియ: మూలం చూస్తే చకారమే. మంగోలులో చింగిస్, చివర జ్ కాదు, స్. ఫారసీలో చంగీజ్. అరబ్బీకి చకారం లేదు కనుక జ రాశారు. ఇంగ్లీషువాళ్ళ స్పెల్లింగులో మొదటి జీ అక్షరాన్ని జ అని చదివితే మనకు జెం వచ్చింది. ఘ కూడా ఆ స్పెల్లింగు చలవే. ఫారసీలో అక్కడ ఉన్నది ఉత్త గకారం.

గురులఘువు: ఘ స్పెల్లింగు చలవ అంటే ఒప్పుకోను. ఘిజ్, ఘజ్నీ, ఘోరీ వరసగా చదవండి. వృత్త్యనుప్రాస కోసం కావాలని వేసిన ఘకారం అది. గిజ్ అంటే పాదం చప్పబడిపోతుంది.

ఉర్దూప్రియ: ఘజ్నీ, ఘోరీల్లో ఉన్నది గొంతులో రాసుకునే ధ్వని. చంగీజ్‌లో గ అది కాదు. తెలుగు లిపి రెండింటినీ ఒకే ఘలో కలిపేసింది కాబట్టే ఆ అనుప్రాస కుదిరింది.

తాలవ్యం: డబ్బింగుకు హిందీవాళ్ళ "చంగేజ్" మాత్రం తీసుకోకండి. స్క్రిప్టులో చం కనిపిస్తే కళాకారుడు చంకలో చలా దంత్యంగా పలికే ప్రమాదం ఉంది. ఇ, ఈ, ఎ, ఏలతో కూడిన చజలు తాలవ్యాలని చిన్నయసూరి చెప్పనే చెప్పాడు. చిం, చెం రాస్తే ఆ బెడద లేదు. తెన్నేటి సూరి నవల చదివినవాళ్ళకు చెం అలవాటే.

అక్షరభిక్షువు: పెదాల కదలిక ఇంకో చిక్కు. చైనీయులు ఈ పేరును నాలుగు లిపి చిహ్నాలతో రాసి నాలుగక్షరాలుగా పలుకుతారు. చింగిస్ ఖాన్ మూడే. నటుడి నోరు ఇంకా ఆడుతుండగానే మన మాట అయిపోతుంది.

తాలవ్యం: చివర అచ్చు చేర్చి అజంతం చేసేయండి. "చెంఘిజు ఖాన్" నాలుగక్షరాలు, తెలుగు నోటికి సహజం. గురులఘువు గారి లెక్కలోనూ ఘి, జు రెండు లఘువులై ఆ ఆరే నిలుస్తుంది.

గురులఘువు: మాత్రలు నిలుస్తాయి, నడక నిలవదు. ఆ పాదం గురువుల మీదే అడుగులు వేస్తుంది.

ఉర్దూప్రియ: ఇలాంటి లిపి తంటా కొరియా సీరియల్ "ఎంప్రెస్ కీ"లోనూ (2013–14) ఉంది. జీ చాంగ్ ఊక్ వేసిన చక్రవర్తి తొఘోన్ తెమూర్. అక్కడివాళ్ళు చైనా లిపిలోని మొదటి రెండు అక్షరాలను తమ పద్ధతిలో చదివి "తా హ్వాన్" అన్నారు. తెమూర్ మాయం. తెమూర్ అంటే ఇనుము. చెంఘిజ్ అసలు పేరు తెముజిన్‌లో ఉన్నదీ, తామర్లేన్ తొలిసగంలో ఉన్నదీ ఆ ఇనుమే. శ్రీశ్రీ ఒక్క పాదంలో రెండు ఇనుములు పక్కపక్కన పెట్టాడు!

తాలవ్యం: చింగిస్ అర్థం మాత్రం ఇనుము కాదు. 1206లో ఓనన్ నది దగ్గర కురుల్తాయ్ (మంగోలు పెద్దల సభ) ఇచ్చిన బిరుదు అది. తుర్కీ "తెంగిజ్"తో ముడిపెట్టి సముద్రమని కొందరు, కఠినుడని కొందరు. నాది సముద్రం పక్షం. మనవడు గుయుక్ 1246లో పోపుకు పంపిన లేఖ మీది ముద్రలోనూ సముద్రమనే అర్థమున్న "దలై" అన్న మాటే ఉంది.

ఉర్దూప్రియ: దలై మంగోలు మాట, తెంగిజ్ తుర్కీ మాట. అర్థం కలిసినంత మాత్రాన త చగా మారుతుందా? కఠినుడే నయం.

గురులఘువు: అన్నట్టు, తర్వాతి పాదం "సికందరో"నా, "సికిందరో"నా? మాత్రలు రెంటికీ సమానం. సికందర్ జా పేరున వెలసిన ఊరిని సికింద్రాబాద్ అన్న నాలుక మనది కనుక నా ఓటు కిం.