గెడ్డ నీటిలో మొండి బ్యాక్టీరియా: మురుగుతో వచ్చిందా, లోహాల వల్ల పెరిగిందా?

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం హార్బర్‌లో కలిసే ఒక గెడ్డ (వాగు) నీళ్లు పరీక్షిస్తున్నాను. ఈఎంబీ అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి పదార్థం) మీద పచ్చగా లోహంలా మెరిసే ఈ.కోలి (పేగుల్లో ఉండే బ్యాక్టీరియా) కాలనీలు ఎగువ నీళ్లలో అక్కడొకటి ఇక్కడొకటి. మురుగు కాలువ కలిసిన చోటు దాటాక ప్లేటు నిండా అవే. స్నానానికి వాడే నీటిలో ఫీకల్ కోలిఫాం (మలంతో వచ్చే ఈ.కోలి లాంటి బ్యాక్టీరియా) 100 మిల్లీలీటర్లకు 2,500 ఎంపీఎన్ (అంచనా సంఖ్య) దాటకూడదంటారు, ఇక్కడ ఆ ఊసెత్తడమే దండగ.

అది అనుకున్నదే. టెన్షన్ పెట్టేది వేరే. దిగువ నీళ్ల కాలనీల్లో చాలావాటికి యాంపిసిలిన్ (ఒక యాంటీబయాటిక్) డిస్క్ చుట్టూ వలయమే రావడం లేదు, అంటే మందు వాటిని ఆపలేకపోతోంది. జింకు, రాగి లాంటి లోహాలను తట్టుకునే జన్యువులు, యాంటీబయాటిక్స్‌ను తట్టుకునేవి ఒకే ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద ఉండొచ్చని చదివాను. మరి ఈ మొండితనం మురుగుతోనే వచ్చిందా, గెడ్డలోని లోహాల వల్ల పెరిగిందా? ఎలా తేల్చాలి? అగార్‌లో జింకు కలిపి చూస్తే సరిపోతుందా, అడుగు బురద కూడా తీయాలా? మా గైడ్ గారైతే బురద జోలికి పోవద్దంటున్నారు.

ఇంకొకటి. పోటు వేళ ఉప్పునీళ్లు గెడ్డలోకి తోసుకొస్తాయి, ఉప్పులో ఈ.కోలి త్వరగా చస్తుంది. శాంపిల్ ఆటు వేళలోనే తీయడం మేలా? ఇలాంటి పని చేసినవాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి.