కటువైన విమర్శకు ఎలా బదులివ్వాలి?

ప్రశ్న: తీరిక వేళల్లో మేము నలుగురం కలిసి రాస్తున్న సంగీత సాఫ్ట్‌వేర్ కొత్త విడుదలలో శబ్దం తెగిపోతోందని, చేతకాకపోతే మానేయమని ఒక వినియోగదారు రాశారు. జీతం లేని పనికి ఇంత మాట పడవలసిందేనా?

జవాబు 1: దూషణను వదిలి ఫిర్యాదును మాత్రమే తీసుకోండి. బఫర్ అంటే ప్రోగ్రాము ఒక్కో విడతలో సిద్ధం చేసే శబ్దపు ముక్క. 48,000 హెర్ట్జ్ (సెకనుకు 48,000 శాంపిళ్లు, అంటే శబ్దపు కొలతలు) వద్ద 128 శాంపిళ్ల బఫర్ పెడితే ప్రోగ్రాముకు మిగిలే గడువు దాదాపు 2.7 మిల్లీసెకన్లే, ఆలోగా పని పూర్తికాకపోతే శబ్దం తెగుతుంది కాబట్టి, ముందుగా ఆయన బఫర్ విలువ, ఆడియో డ్రైవర్ (శబ్ద పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఏవో అడగండి. వివరాలు అడిగితే చాలామంది శ్రుతి తగ్గిస్తారు (సంగీతం తెలిసినవారు కదా!).

జవాబు 2: పరుష పదాలను తొలగించే హక్కు మీకుంది, అయితే ఆగ్రహమంతా అకారణం కాదు. 2021లో ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్‌లో టెలిమెట్రీ (వినియోగ సమాచారాన్ని తయారీదారులకు పంపే ఏర్పాటు) చేర్చాలన్న ప్రతిపాదనను వినియోగదారుల నిరసన తర్వాతే విరమించుకున్నారు.

ప్రశ్న అడిగినవారు: ఆయన బఫర్ 64గా ఉందట. 256కు మార్చాక శబ్దం తెగడం లేదన్నారు. క్షమాపణ మాత్రం రాలేదు.