చిన్న సర్వైవల్ కిట్‌లోకి ఏ తాడు మంచిది?

అరచేతిలో పట్టే రేకు డబ్బాలో ఒక సర్వైవల్ కిట్ సర్దుకుంటున్నాను. అగ్గిపుల్లలు, చిన్న కత్తి, సూది, విజిల్ అన్నీ కుదిరాయి. తాడు దగ్గరే ఆగిపోయాను.

ఇన్నాళ్లూ 550 పారాకార్డ్ (పారాచూట్ తాడు లాంటి నైలాన్ తాడు) వాడాను. సుమారు 4 మి.మీ. లావు, దాదాపు 250 కిలోల వరకు తెగదు, పైతొడుగు కోస్తే లోపలి 7 పోగులు విడిగా వాడుకోవచ్చు. నాకు చాలా ఇష్టం. కానీ 10 మీటర్లు చుట్టి పెడితే డబ్బా మూత పడటం లేదు. పైగా మొన్న వానలో టార్పాలిన్ కడితే, సాయంత్రం బిగుతుగా లాగి కట్టిన తాడు తెల్లారేసరికి వదులైపోయి, పట్టా మధ్యలో నీళ్లు గుంటకట్టాయి. నైలాన్ తడిస్తే సాగుతుందని అప్పుడు బాగా తెలిసొచ్చింది.

ఇప్పుడు రెండింటి మధ్య తేల్చుకోలేకపోతున్నాను. తారు పట్టించిన బ్యాంక్‌లైన్ (చేపలు పట్టడానికి వాడే పురితాడు) సన్నగా ఉంటుంది, ముడి గట్టిగా నిలుస్తుంది, కోసిన చివర త్వరగా విడిపోదు. కానీ అదీ నైలానే కదా! డైనీమా (చాలా గట్టి పాలిథిలిన్ పోగుల తాడు) ఇంకా సన్నం, దాదాపు సాగదు, నీళ్లలో తేలుతుంది. దాని నునుపే నా టెన్షన్. మామూలు ముడి వేసి లాగితే కళ్లముందే మెల్లగా జారిపోయింది. సుమారు 145 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి మంట దగ్గర కట్టలేం.

పట్టా కట్టుకోవడం, విరిగినదాన్ని బిగించడం, ఈ రెండే నాకు ముఖ్యం. మనిషి బరువు దానిమీద వేయను. 2 మి.మీ. లోపు ఏది తీసుకోమంటారు? డైనీమా వాడినవాళ్లు జారకుండా ఏ ముడి వేస్తున్నారు, ముఖ్యంగా చేతులు తడిసి కొంకర్లు పోయినప్పుడు?