అప్‌డేట్: క్లాట్‌లో స్క్రైబ్‌తో 160 నిమిషాలు చాలుతాయా?

చూపు సరిగా లేనివాళ్లు స్క్రైబ్‌తో (ప్రశ్నలు చదివి వినిపించి, చెప్పిన జవాబు గుర్తించే సహాయకులతో) క్లాట్ యూజీ (లా డిగ్రీ ప్రవేశ పరీక్ష) రాస్తే, అదనంగా వచ్చే 40 నిమిషాలు దేనికి సరిపోతాయన్నది ఇంతకుముందు నేనిక్కడ అడిగిన ప్రశ్న. మీరంతా చెప్పినవి కలిపి లెక్క కట్టాను.

120 ప్రశ్నలు, 160 నిమిషాలు. చూడటానికి ప్రశ్నకు 80 సెకన్లు. కానీ ప్యాసేజీ దాదాపు 450 పదాలుంటుంది. నిమిషానికి 150 పదాల చొప్పున చదివి వినిపించినా మూడు నిమిషాలు. అలాంటివి ఇరవై నాలుగనుకుంటే వినడానికే 72 నిమిషాలు పోతాయి. మిగిలిన 88 నిమిషాల్లో ప్రశ్నలు, ఆప్షన్లు వినాలి, ఆలోచించాలి, ఓఎంఆర్ (జవాబుల గడులు దిద్దే షీటు) నింపించాలి. ప్రశ్నకు 44 సెకన్లు! రెండోసారి చదివించుకునే వెసులుబాటు ఉండదన్నమాట. అందుకే ముందు ప్రశ్నలు వినిపించుకుని, తర్వాతే ప్యాసేజీ వినమన్న సలహా నాకు బాగా నచ్చింది. లీగల్ రీజనింగ్ (చట్ట సూత్రాలను సందర్భాలకు అన్వయించే) విభాగానికి అది మరీ పనికొస్తుంది.

మాక్ టెస్టులు కళ్లతో చదివి రాస్తే వచ్చే మార్కులను నమ్మొద్దు. ఇంట్లో ఎవరితోనైనా ఇంగ్లీషు గట్టిగా చదివించుకునే రాయాలి.

జవాబు చెప్పేటప్పుడు ఉత్త "బి" అంటే "డి"లా వినబడుతుంది. "నలభై ఏడు, బి, బాల్" అనాలి, స్క్రైబ్ తిరిగి చెప్పాకే దిద్దించాలి. పెన్నుతో దిద్దిన గడి మళ్లీ మారదు, తప్పుకు పావు మార్కు కోత.