ఏసీఎల్ తెగిన కబడ్డీ రైడర్: ఆపరేషనా, బ్రేసా, ముందు ఫిజియోనా?

బోనస్‌లైన్
21 ఏళ్ల రైడర్, బరువు 70 కిలోలు. మ్యాట్ మీద రైడ్ ముగించి వెనక్కి తిరుగుతుంటే ఎవరూ తగలకుండానే మోకాలు మెలిపడింది. 'టప్'మని శబ్దం, రెండు గంటల్లో బాగా వాపు. ఎంఆర్ఐలో ఏసీఎల్ (మోకాలి లోపల తొడ ఎముకనూ కింది ఎముకనూ కలిపి పట్టే లిగమెంట్) పూర్తిగా తెగింది, మెనిస్కస్‌లు (కీలులో మెత్తల్లా ఉండే మృదులాస్థి) రెండూ బాగున్నాయి. ఇవాళ్టికి 12వ రోజు. కుంటుతున్నాడు, కాలు పూర్తిగా చాపలేకపోతున్నాడు. ఒక డాక్టరు వారంలోగా ఆపరేషన్ అన్నారు, ఇంకొకరు ఫిజియో చాలన్నారు, ఎవరో ఆస్ట్రేలియా బ్రేస్ వీడియో పంపారు. ఏ మాటకు ఎంత ఆధారం ఉందో తెలిసినవాళ్లు చెప్పండి.

కీలు_చూపు
ముగ్గురికీ వెనక ఏదో ఒక అధ్యయనం ఉంది. గొడవంతా అవి ఎవరి మీద చేశారన్నదే.

"ఫిజియో చాలు" అన్న మాట స్వీడన్‌లో జరిగిన కానన్ ట్రయల్ నుంచి వచ్చింది (2010). 121 మంది యువకులను రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి వెంటనే ఆపరేషన్, రెండో భాగానికి ముందు ఫిజియో, అవసరమైతేనే తర్వాత ఆపరేషన్. రెండేళ్లకు నొప్పి, పనితీరు స్కోర్లలో తేడా కనిపించలేదు. రెండో భాగంలో 59 మంది ఉంటే, ఆ రెండేళ్లలో ఆపరేషన్ దాకా వెళ్లింది 23 మందే. ఐదేళ్లకు అది సుమారు సగమైంది. అయితే అగ్రశ్రేణి పోటీ క్రీడాకారులను ఆ ట్రయల్లోకి తీసుకోలేదు. మన రైడర్‌కు దాన్ని యథాతథంగా అతికించకూడదు.

నెదర్లాండ్స్‌లో కంపేర్ ట్రయల్ (2021) 167 మందితో చేశారు. రెండేళ్లకు వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల మోకాలి స్కోరు వందకు 84.7, ఫిజియోతో మొదలుపెట్టినవాళ్లది 79.4. తేడా గణాంకాల పరంగా నిలిచింది గానీ, మనిషికి తెలిసేంత పెద్దది కాదని ఆ పరిశోధకులే రాశారు.

బ్రిటన్‌లో చేసిన ఏసీఎల్ స్నాప్ (2022) దీనికి ఎదురు తిరిగింది. 316 మంది, అందరికీ గాయం పాతది, మోకాలు ఇంకా జారుతూనే ఉంది. 18 నెలలకు ఆపరేషన్ వైపు స్కోరు 73, ఫిజియో వైపు 64.6. కాబట్టి కొత్తగా తెగిన మోకాలు వేరు, నెలల తరబడి జారుతున్న మోకాలు వేరు. ఈ తేడా చెప్పకుండా ఒక్క ట్రయల్ పేరు పట్టుకుని వాదించడం వల్లే కుటుంబాలు అయోమయంలో పడుతున్నాయి.

నా అభిప్రాయం: ఒక్కసారిగా పక్కకు మళ్లి తిరగాల్సిన ఆటలోకి పోటీ స్థాయిలో వెళ్లేవాడికి చివరికి ఆపరేషన్ వైపే మొగ్గుతాను. కానీ వారంలోగా మాత్రం వద్దు.

తొడకండ
కీలు_చూపు డాక్టర్ గారి చివరి మాటకు, అంటే వారంలోగా వద్దన్నదానికి, నా ఓటు. వాచి, వేడిగా, చాపలేని మోకాలికి ఆపరేషన్ చేస్తే తర్వాత కీలు బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. మెనిస్కస్ తిరగబడి మోకాలు లాక్ అయినా, ఒకటికి మించి లిగమెంట్లు తెగినా దారి వేరు. ఈ అబ్బాయికి అవేవీ లేవు.

ఆపరేషన్ గదిలోకి వెళ్లేలోపు మూడు కావాలి: కాలు రెండో కాలంత చాపగలగడం, వాపు దాదాపు తగ్గడం, చాపిన కాలిని మోకాలు వంగకుండా ఎత్తగలగడం. దీనికి మామూలుగా మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది.

చాపడానికి: మడమ కింద టవల్ చుట్ట, మోకాలి కింద ఖాళీ, 10 నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. చాలకపోతే బోర్లా పడుకుని మోకాలి కింద నుంచి కాలు మంచం అంచు బయట వేలాడదీయాలి. ఇంట్లో చేసే పెద్ద తప్పు, నొప్పి తగ్గుతుందని రాత్రంతా మోకాలి కింద దిండు పెట్టడం. వంగిన స్థితిలోనే కీలు అలవాటు పడిపోతుంది.

తొడ ముందు కండ 'నిద్రపోవడం' బలహీనత ఒక్కటే కాదు. వాపు వల్ల నరాల స్థాయిలోనే కండకు ఆజ్ఞ ఆగిపోతుంది. అందుకే వాపు తగ్గించకుండా స్క్వాట్లు పెంచితే లాభం లేదు. ముందు కండ బిగించే వ్యాయామం, కరెంటు స్టిమ్యులేషన్, ఆ తర్వాతే బరువు. వ్యాయామం చేసిన మర్నాటి పొద్దున వాపు పెరిగిందంటే నిన్నటి మోతాదు ఎక్కువైందని లెక్క.

బోనస్‌లైన్
బ్రేస్ సంగతి కూడా చెప్పండి మేడమ్. అబ్బాయి తండ్రి "కట్టు కడితే అతుక్కుంటుంది కదా, పుత్తూరు తీసుకెళ్దాం" అంటున్నారు.

తొడకండ
ఆ బ్రేస్, పుత్తూరు కట్టు ఒకటి కావు. కట్టు కదలకుండా బిగిస్తారు. ఆ బ్రేస్‌లో పని చేసేది కోణం. మోకాలిని 90 డిగ్రీలు వంచి నాలుగు వారాలు లాక్ చేస్తారు. ఆ వంపులో తెగిన రెండు చివరలూ దగ్గరకొస్తాయన్నది ఆలోచన. తర్వాత కొంచెం కొంచెంగా చాపనిస్తూ 12 వారాలకు బ్రేస్ తీసేస్తారు. గాయమైన నాలుగు వారాల లోపే మొదలవ్వాలి.

2023లో వచ్చిన పేపర్లో 80 మంది ఉన్నారు. మూడు నెలల ఎంఆర్ఐలో 90 శాతం మందిలో అతుక్కున్న గుర్తులు కనిపించాయి, 14 శాతం మందికి మళ్లీ గాయమైంది. పోల్చడానికి రెండో గుంపు లేదు. పైగా కానన్‌లో కేవలం ఫిజియోతో ఉండిపోయిన 30 మందిలో 16 మందికి ఏ బ్రేసూ లేకుండానే రెండేళ్లకు అతుకు కనిపించింది. ఎంఆర్ఐలో అతుకు కనిపించడమూ, డిఫెండర్ మడమ పట్టి లాగినప్పుడు అది ఆగడమూ వేర్వేరు సంగతులు.

అసలు భయం రక్తనాళాల్లో గడ్డ. కాలు నెల రోజులు వంగి ఉంటే పిక్కలో రక్తం నిలుస్తుంది. ఆ పద్ధతిలో తొలినాళ్లలో గడ్డలు కట్టిన కేసులు వచ్చాకే అందరికీ రక్తం పలచబరిచే మందు తప్పనిసరి చేశారు. డాక్టరు లేకుండా బజారులో బ్రేస్ కొని 90కి లాక్ చేయడం ప్రాణం మీదికి తెస్తుంది. దయచేసి ఎవరూ చేయొద్దు.

కీలు_చూపు
ఆపరేషన్‌కు వెళ్తే గ్రాఫ్ట్ గురించి, అంటే తెగిన ఏసీఎల్ స్థానంలో వేసే స్నాయువు గురించి, ముందే అడగండి. తొడ వెనక స్నాయువు, అంటే హ్యామ్‌స్ట్రింగ్, తీస్తే మోకాలిని గట్టిగా మడిచే బలం కొంత పోతుంది. రైడర్ కాలు వెనక్కి లాక్కోవడానికి అదే కావాలి. మోకాలి చిప్ప కింది స్నాయువు తీస్తే మోకాలి ముందు నొప్పి, మోకరిల్లితే నొప్పి ఎక్కువ. రైడ్‌లో మోకాళ్ల మీద పడేవాడికీ, నేల మీద కూర్చునే మన ఇళ్లకూ ఇది చిన్న విషయం కాదు.

ఇంకొకటి. స్టెబిలిటీ ట్రయల్ (2020) 25 ఏళ్ల లోపు 618 మంది మీద చేశారు. హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ ఒక్కటే వేసినవాళ్లలో 11 శాతం మందికి రెండేళ్లలో గ్రాఫ్ట్ తెగింది. మోకాలి బయటివైపు అదనపు పట్టీ కూడా కుట్టినవాళ్లలో అది 4 శాతం. ఈ అబ్బాయి వయసుకూ ఆటకూ సర్జన్‌ను అడగాల్సిన ప్రశ్న ఇది.

లోడ్‌లెక్క
లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ (కూర్చుని బరువును కాలితో ముందుకు చాపేది) గురించి కూడా తేల్చుకుందాం. "గ్రాఫ్ట్ సాగిపోతుంది, ముట్టుకోవద్దు" అని ఆరు నెలలు ఆపేసే చోట్లు ఇంకా ఉన్నాయి. స్క్వాట్‌లో నడుము, పిరుదు కండలు పని పంచుకుంటాయి, తొడ ముందు కండ తప్పించుకుంటుంది. దాన్ని విడిగా పనిచేయించకపోతే ఏడాదికి కూడా బలం రాదు.

2016 డచ్ మార్గదర్శకాల మెట్లు: ఆపరేషన్ తర్వాత 4వ వారం నుంచి మోకాలి వంపు 90–45 డిగ్రీల మధ్య, 5వ వారం 90–30, 6వ వారం 90–20, 7వ వారం 90–10, 8వ వారం పూర్తిగా. హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ అయితే 12 వారాల దాకా అదనపు బరువు వద్దు.

తొడకండ
ఆ మెట్లు నాకూ సరే. చిప్ప స్నాయువు గ్రాఫ్ట్‌లో మాత్రం ముందువైపు నొప్పి చూసి నడవాలి. 10కి 3 దాటితే ఆ కోణం వదిలి పక్క కోణంలో చేయించండి. బరువు పట్టలేని దశలో రక్తప్రసరణ అదుపుచేసే పట్టీతో, ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 20–30 శాతం, 30-15-15-15 సార్లు ఉపయోగపడుతుంది. గడ్డల చరిత్ర ఉంటే మానేయాలి.

బోనస్‌లైన్
మా దగ్గర ఐసోకైనెటిక్ మెషీన్ (కండ బలాన్ని స్థిర వేగంలో కొలిచేది) లేదు. బలం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? ఒంటికాలి గెంతు చాలా?

లోడ్‌లెక్క
గెంతు మోసం చేస్తుంది. నడుము ముందుకు వంచి, తుంటితో దూకి, తుంటి మీదే దిగి బాగున్న కాలితో పోలిస్తే 95 శాతం తెచ్చేస్తారు. దూకేటప్పుడు మోకాలు చేసే పని చాలా తక్కువ.

గోదాముల్లో బస్తాలు తూచే వేలాడే డిజిటల్ కాటా కొనండి. 200 కిలోలు పట్టేది, గరిష్ఠ అంకెను ఆపి చూపేది కావాలి. సామాన్ల బ్యాగులు తూచే 50 కిలోలది పనికిరాదు. ఎత్తైన బల్ల మీద కూర్చోబెట్టి, మోకాలు 90 డిగ్రీలు, చీలమండ ఎముకకు కాస్త పైన వెడల్పాటి పట్టీ. పట్టీ నుంచి కాటా, కాటా నుంచి వెనక ఉన్న స్తంభానికి గొలుసు. తొడను బెల్టుతో బల్లకు కట్టాలి, లేకపోతే పిరుదులు లేస్తాయి. మూడు సార్లు తేలికగా, తర్వాత మూడు సార్లు పూర్తి బలంతో 5 సెకన్లు తన్నించండి. మధ్యలో నిమిషం విరామం. పెద్ద అంకె రాసుకోండి.

మోకాలి కీలు గీత నుంచి పట్టీ మధ్యకు దూరం కొలవండి. అది 0.36 మీటర్లు, కాటా 45 కిలోలు అనుకుందాం. 45 × 9.81 × 0.36 = 159 న్యూటన్ మీటర్లు. అతని బరువు 70తో భాగిస్తే కిలో బరువుకు 2.27. చాలామంది వాడే లక్ష్యం 3. అంటే ఇదే అబ్బాయి సుమారు 60 కిలోలు చూపించాలి.

రెండు కాళ్ల పోలిక ఒక్కటే ఎందుకు చాలదో ఇక్కడే కనిపిస్తుంది. బాగున్న కాలు 48 కిలోలు తన్నితే గాయమైన కాలు 94 శాతం. 90 దాటింది కాబట్టి పాస్! కానీ నెలల విశ్రాంతిలో బాగున్న కాలు కూడా బలహీనపడింది, దానికి వచ్చేది 2.42 మాత్రమే. వీలుంటే బాగున్న కాలిని ఆపరేషన్ ముందే కొలిచి పెట్టుకోండి.

రైడ్‌పాఠం
ఆటలోకి ఎప్పుడన్నదానికి, నార్వే–అమెరికా బృందం 106 మంది మీద 2016లో రాసింది చూడండి. తొమ్మిది నెలల దాకా ఆలస్యం చేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయమయ్యే రేటు 51 శాతం తగ్గింది. పరీక్షలు పాసవకుండా వెళ్లినవాళ్లలో 38.2 శాతం మందికి మళ్లీ గాయం, పాసైనవాళ్లలో 5.6. గుంపు చిన్నదే, అంకెల్ని వేదవాక్కుగా తీసుకోకండి. దిశ మాత్రం స్పష్టం. 25 ఏళ్ల లోపు ఆటలోకి తిరిగొచ్చినవాళ్లలో సుమారు 23 శాతం మందికి రెండో ఏసీఎల్ గాయం, ఈ కాలికో ఆ కాలికో, అవుతోందని 2016 సమీక్ష చెప్పింది.

కబడ్డీకి నేను పెట్టే మెట్లు: ముందు ఎదురు ఎవరూ లేకుండా రైడ్, సగం వేగం. తర్వాత పూర్తి వేగంలో ఆగి తిరగడం. తర్వాత ఎటు తిరగాలో చివరి క్షణంలో చెయ్యి చూపి చెప్పడం, ఎందుకంటే మోకాలు తిరగబడేది ముందే తెలిసిన మలుపులో కాదు. ఆ తర్వాత ఒక డిఫెండర్ చేత చెప్పి పట్టించడం, చివరికి చెప్పకుండా పట్టించడం. మెట్టుకు కనీసం రెండు వారాలు. 30 సెకన్ల రైడ్లు వరుసగా ఆరేడు చేయించి, అలసిన కాలిని కూడా చూడండి. వాడు భయపడుతుంటే దాన్నీ లెక్కలోకి తీసుకోండి. దానికి ఏసీఎల్-ఆర్ఎస్ఐ అని విడిగా ప్రశ్నావళి ఉంది.

బోనస్‌లైన్
అందరికీ కృతజ్ఞతలు. టవల్ చుట్ట ఇవాళే మొదలుపెట్టిస్తాం. బాగున్న కాలిని ఈ వారమే కొలుస్తాం. కాటాకు గొలుసు బదులు నైలాన్ తాడు కట్టొచ్చా?

లోడ్‌లెక్క
వద్దన్నా. తాడు సాగుతుంది, మోకాలు 90 నుంచి 70కి జారిపోతుంది, పోయినసారి అంకెతో పోల్చలేవు. గొలుసే వాడు, తన్నకముందే బిగుతుగా ఉండాలి. పక్కనుంచి ఫోన్‌తో ఫొటో తీసి గొలుసు, మోకాలి కింది ఎముక ఒకదానికొకటి లంబంగా ఉన్నాయో లేదో చూడు. 30 డిగ్రీలు వంకరైతే కాటా చూపిన బలంలో 87 శాతమే మోకాలిని తిప్పుతుంది, నీ లెక్క మాత్రం పూర్తిగా వేసేస్తుంది.