కీళ్లవాతం: ఫారంలో మార్కులు నమ్మాలా, పిడికిలి బలాన్ని నమ్మాలా?

శారద_తెనాలి:
నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి తొమ్మిదేళ్లు. మొన్న చెకప్‌లో హెచ్‌ఏక్యూ అనే ఫారం నింపించారు. బట్టలు కట్టుకోవడం, లేవడం, నడవడం లాంటి పనులు ఒక్కోదానికీ 0 నుంచి 3 దాకా మార్కులు. 3 అంటే అసలు చేయలేకపోవడం. అన్నిటి సగటు నాకు 0.25 వచ్చింది, "బాగానే ఉన్నారమ్మా" అన్నారు. పొద్దున్నే పాలగిన్నె దించలేక ఏడ్చే మనిషిని నేను. ఇదీ ఒక కొలతేనా?

ఫిజియో_రవి:
అందుకే నేను ఫారాల్ని నమ్మనండి. పిడికిలి బలం మీటర్‌తో కొలిస్తే కిలోల్లో అంకె వస్తుంది. దాంతో ఎవరూ వాదించలేరు.

నల్గొండ_కిరణ్:
ఆ ఫారం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 1980లో ప్రచురించింది. మాంసం కోసుకోగలరా, టబ్బులో స్నానం చేయగలరా అని అడుగుతుంది. మన ఇళ్లలో టబ్బు ఎక్కడిది? 2002లో వచ్చిన భారతీయ ఫారంలో బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, కుళాయి తిప్పడం, ఆటో ఎక్కి దిగడం ఉన్నాయి. అది ఇమ్మని అడగండి.

శారద_తెనాలి:
నాకిచ్చింది ఆటో ఉన్నదే, కిరణ్ గారూ. రవి గారూ, మీ మీటర్ కూడా పట్టుకున్నాను, మధ్యాహ్నం పన్నెండింటికి. పొద్దున ఆరింటికి వచ్చి చూడండి, వేళ్లు బిగుసుకుపోయి పిడికిలే పడదు. సడలడానికి రెండు గంటలు పడుతుంది.

ఫిజియో_రవి:
ప్రతిసారీ ఒకే టైంకి కొలిస్తే సరిపోతుందండి, పోయినసారితో పోల్చుకోవడానికే కదా. ఫారం సంగతి చూడండి. స్కోరు 0.22 మారితే మనిషికి తెలిసేంత తేడా వచ్చినట్టు లెక్క. స్టాన్‌ఫర్డ్ ఫారంలో ఎనిమిది విభాగాలు, ఒక విభాగం ఒక్క మెట్టు మారితే 0.125. అంటే రెండు విభాగాల్లో టిక్కు పక్క గడిలో పడితే చాలు, మందు పనిచేసిందనో లేదనో తేల్చేస్తారు. ఇంత ముఖ్యమైన విషయాన్ని ఆ రోజు పేషెంట్‌కున్న టెన్షన్‌కి వదిలేస్తామా?

సుజాత_కె:
డాక్టర్లు నొప్పి, వాపు ఉన్న కీళ్లు లెక్కపెట్టే 28 కీళ్ల పద్ధతిలో పాదాలే లేవు. నాకు నొప్పంతా పాదాల్లోనే.

వెంకట్_77:
మా అమ్మ ఫారం నేనే నింపాను, అన్నిటికీ సున్నా. స్నానానికి నీళ్లు నేను పెడతాను, జడ మా ఆవిడ వేస్తుంది. ఇబ్బందేముంది?

ఫిజియో_రవి:
అదే ఇబ్బంది! ఇంకొకరి సాయం కావాలంటే ఆ విభాగానికి కనీసం 2 వేయాలని స్టాన్‌ఫర్డ్ లెక్కలోనే ఉంది. మీరు సున్నాలు పెట్టి ఆవిడ జబ్బుని దాచేశారు.

వెంకట్_77:
మాటలు జాగ్రత్తగా రాయండి. అమ్మని కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటున్నాం. దానికి ఆమె చేతకాని మనిషని రాసివ్వాలా?

శారద_తెనాలి:
అమ్మగారిని ఒక్కసారైనా అడిగారా, వెంకట్ గారూ? నా ఫారం నింపింది మా ఆయన. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. "అన్నీ చేసుకుంటుందండీ" అని చకచకా టిక్కులు పెట్టేశారు. అబద్ధం కాదు, చేస్తాను. చేయకపోతే చేసేవాళ్లు లేరు. అరగంటలో అయ్యే కూర గంటన్నర పడుతుంది, మధ్యలో రెండుసార్లు కూర్చుంటాను. ఆయనకి కనిపించేది కంచంలో కూర. తొమ్మిదేళ్లలో నా నొప్పి ఆ ఇంట్లో ఎవరూ నమ్మలేదు, ఇప్పుడు కాగితం కూడా వాళ్ల పక్కకే వెళ్లింది.

ఫిజియో_రవి:
అమ్మా, ఇది మీటర్‌కీ అందదు, ఒప్పుకుంటున్నాను. ఫారం అడిగేది చేస్తున్నారా లేదా అని కాదు, ఎంత కష్టపడి చేస్తున్నారు అని. మీరు వంటకి పడుతున్నంత కష్టం ఫారంలోని ఏ పనికి పడుతున్నా అది "చాలా కష్టం" గడిలోకి వస్తుంది. అది 2. మీరే నింపండి.

వెంకట్_77:
ఇప్పుడే అడిగాను. జడ తనే వేసుకోవాలని ఉందట. చేయి తల దాకా లేవడం లేదట, ఏడాదిగా. నాకు చెప్పలేదు.

శారద_తెనాలి:
వచ్చే మంగళవారం నా చెకప్. ఈసారి ఆయన్ని బయట కూర్చోమంటాను.