ఆట మధ్యలో పడిపోయే ప్రాసెసర్ వేగం: పవర్ సెట్టింగులలో ఏది మార్చాలి?

ప్రశ్న (మండపేట నుండి, ఇంజనీరింగ్ విద్యార్థి)

సభ్యులందరికీ నమస్కారమండి. నా ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ కోర్ ఐ5-11400హెచ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. జీటీఏ 5 ఆడుతున్నప్పుడు మొదటి పది పదిహేను నిమిషాలు సెకనుకు తొంభైకి పైగా ఫ్రేములు వస్తాయి. ఆ తరువాత ఉన్నట్టుండి నలభైకి పడిపోయి, మళ్ళీ లేచి, మళ్ళీ పడుతూ, ఆట ఆగి ఆగి నడుస్తుంది. ఒక వీడియోలో చెప్పిన ప్రకారం కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ప్లాన్‌ను 'హై పెర్ఫార్మెన్స్'కు మార్చి, ప్రాసెసర్ కనిష్ఠ స్థాయిని 5 శాతం నుండి 100 శాతానికి పెంచాను. ఆట బాగుపడకపోగా ఫ్యాన్ల మోత ఎక్కువైంది, పని లేకుండా ఉన్నప్పుడు కూడా యంత్రం వెచ్చగానే ఉంటోంది. ఇంకా ఏ సెట్టింగు పెంచితే ఆట నిలకడగా నడుస్తుందో పెద్దలు చెప్పగలరు.

సమాధానం (భీమవరం నుండి, కంప్యూటర్ల మరమ్మతు వృత్తిలో ఉన్న సభ్యుడు)

బాబూ, మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే ఇక్కడ పెంచవలసినది ఏదీ లేదు, తగ్గించవలసినదే ఉంది. ఎందుకో వివరిస్తాను.

విండోస్‌లో 'బ్యాలెన్స్‌డ్' ప్లాన్ ప్రాసెసర్‌ను కట్టివేస్తుందని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. ఆట వంటి బరువైన పని వచ్చినప్పుడు ఆ ప్లాన్‌లో కూడా ప్రాసెసర్ తన టర్బో వేగానికి, అంటే ప్రాథమిక వేగాన్ని మించి తాత్కాలికంగా అందుకునే వేగానికి, వెళ్ళడానికి ఏ అడ్డూ ఉండదు. కనిష్ఠ స్థాయిని 100 శాతం చేయడం వల్ల జరిగేదల్లా, పని తక్కువగా ఉన్నప్పుడు కూడా వేగం కిందికి దిగకపోవడమే. ఆట నడుస్తున్నంతసేపూ ప్రాసెసర్ ఎలాగూ పైనే ఉంటుంది కనుక దాని వల్ల మీకు ఒరిగేది దాదాపు ఏమీ లేదు. మెనూలలోనూ లోడింగు సమయంలోనూ చల్లబడే అవకాశం మాత్రం పోయింది.

మీ ప్రాసెసర్ గరిష్ఠ టర్బో వేగం 4.5 గిగాహెర్ట్జ్. 45 వాట్ల విద్యుత్తుతో అది నిరంతరంగా నిలబెట్టుకోవలసిన ప్రాథమిక వేగం 2.7 గిగాహెర్ట్జ్ మాత్రమే. ఈ రెంటికీ నడుమ ఉన్నదంతా చల్లదనం ఉన్నంతవరకూ దొరికే అదనపు వేగం. ఇంటెల్ ప్రాసెసర్లకు రెండు విద్యుత్ పరిమితులు ఉంటాయి: కొద్ది సెకన్లపాటు అనుమతించే పెద్ద పరిమితి ఒకటి, దీర్ఘకాలం అనుమతించే చిన్న పరిమితి మరొకటి. ఈ రెండూ కాక చిప్పు ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్ చేరువకు వస్తే, తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగాన్ని ఒక్కసారిగా తెగ్గోస్తుంది. చల్లబడగానే మళ్ళీ పైకి ఎగబాకుతుంది, మళ్ళీ కాలుతుంది, మళ్ళీ పడుతుంది. మీ ఆట పడుతూ లేస్తూ నడవడానికి కారణం ఇదేనని నా అనుమానం, కానీ అనుమానం మీద సెట్టింగులు మార్చకూడదు. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రామును సెన్సర్ల పట్టికతో తెరిచి ఉంచి, ఆట నెమ్మదించే వరకూ ఆడి, 'కోర్ థర్మల్ థ్రాట్లింగ్' అన్న వరుసలో అవును అని ఉందా, 'పవర్ లిమిట్ ఎక్సీడెడ్' అన్న వరుసలో ఉందా అన్నది చూసి రాయండి. మొదటిదైతే వేడి సమస్య. ఉష్ణోగ్రత ఎనభై దాటకుండానే రెండవది మాత్రమే కనిపిస్తే అది విద్యుత్ పరిమితి సమస్య, దానికి చికిత్స వేరు.

సమాధానం (అమలాపురం నుండి ఒక సభ్యుడు)

భీమవరం పెద్దాయన గారి మాటకు అడ్డు చెప్పడం కాదు గానీ, 'హై పెర్ఫార్మెన్స్' ప్లాన్ పూర్తిగా నిరుపయోగమని చదివేవారు అనుకోకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నాది పెద్ద కూలర్ బిగించిన డెస్క్‌టాప్. అందులో కొన్ని పాత ఆటలు బ్యాలెన్స్‌డ్ ప్లాన్‌లో చిన్న చిన్న కుదుపులతో నడిచేవి, ప్లాన్ మార్చాక ఆ కుదుపులు పోయాయి. 2017లో మొదటి రైజెన్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు, అప్పటి విండోస్ బ్యాలెన్స్‌డ్ ప్లాన్ కోర్లను (ప్రాసెసర్‌లోని పని విభాగాలను) నిద్రపుచ్చే తీరు వాటికి సరిపడక, ఏఎమ్‌డీ సంస్థ స్వయంగా 'రైజెన్ బ్యాలెన్స్‌డ్' అనే ప్లాన్‌ను విడుదల చేసింది కూడా.

సమాధానం (భీమవరం)

మీరు చెప్పినది సరైన మాటేనండి. చల్లదనానికి కొదవ లేని డెస్క్‌టాప్‌లో ఆ ప్లాన్ వల్ల నష్టం లేదు, కొన్ని ఆటలలో లాభమూ ఉంది. నేను చెబుతున్నది పలుచని పెట్టెలో రెండు చిప్పులను ఒకే రాగి గొట్టాలతో చల్లబరిచే ల్యాప్‌టాప్ గురించి.

ప్రశ్నకర్త (మండపేట)

మీరు చెప్పినట్టే చూశానండి. ఆట నెమ్మదించిన సమయానికి ఉష్ణోగ్రత 97 డిగ్రీల దగ్గర ఉంది, థర్మల్ థ్రాట్లింగ్ వరుసలో అవును అనే వచ్చింది. వేగం 4 గిగాహెర్ట్జ్ నుండి 2.3కు దిగి మళ్ళీ పైకి వెళ్తోంది. మా ఇల్లు రైస్ మిల్లుకు దగ్గరగా ఉంటుంది. కిటికీ దగ్గర టేబుల్ మీద రోజూ సన్నని ఊక దుమ్ము పేరుకుంటుంది. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

సమాధానం (భీమవరం)

తప్పకుండా ఉంటుంది, అందుకే సెట్టింగుల కంటే ముందు దాని సంగతి చెబుతాను. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. మిల్లుల ఊక దుమ్ము, కోనసీమ వైపైతే కొబ్బరి పీచు పొడి, ఆ తేమతో కలిసి ఫ్యాను వెనుక ఉన్న సన్నని లోహపు రెక్కల మధ్య దళసరి పొరలా అతుక్కుపోతాయి. పైనుండి చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం బయటికి రాదు. మా దగ్గరకు వేడి సమస్యతో వచ్చే యంత్రాలలో ఎక్కువ వాటికి ఆ పొర తీసివేయడమే సగం వైద్యం. యంత్రాన్ని పూర్తిగా ఆపి, అడుగు మూత తీసి, ఫ్యాను రెక్కలు తిరగకుండా పుల్లతో ఆనించి పట్టుకుని బ్లోయర్‌తో ఊదాలి. మూత తీయడం అలవాటు లేకపోతే తెలిసినవారి చేత చేయించండి. యంత్రం కొని ఏళ్ళు గడిచి ఉంటే థర్మల్ పేస్టు (చిప్పు వేడిని రాగి గొట్టాలకు అందించే పూత) కూడా మార్పించండి. రోహిణీ కార్తెలో గది వేడి పది డిగ్రీలు పెరిగితే చిప్పు వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుందని గుర్తుంచుకోండి.

ఇక సెట్టింగులు. ప్లాన్‌ను తిరిగి బ్యాలెన్స్‌డ్‌కు మార్చి, కనిష్ఠ స్థాయిని 5 శాతానికి దించండి. తరువాత పవర్ ఆప్షన్స్‌లో 'చేంజ్ అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్' తెరిచి, 'ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్' కింద గరిష్ఠ స్థాయిని, 'ప్లగ్డ్ ఇన్' వరుసలో, 100 నుండి 99కి మార్చండి. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది, కానీ ఇటువంటి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో 99 అనగానే టర్బో పూర్తిగా ఆగిపోయి, ప్రాసెసర్ తన ప్రాథమిక వేగం వద్ద నిలుస్తుంది. అంతకంటే కిందికి తగ్గించవద్దు, ప్రాథమిక వేగానికి కూడా దిగువకు పోతుంది. అక్కడే 'సిస్టమ్ కూలింగ్ పాలసీ' కనిపిస్తే అది 'యాక్టివ్'గా ఉండేలా చూడండి. 'పాసివ్'లో ఉంటే విండోస్ ఫ్యాన్ల వేగం పెంచడానికి ముందే ప్రాసెసర్ వేగాన్ని తగ్గిస్తుంది.

దీనికి మరొక ప్రయోజనం కూడా ఉండవచ్చు. ఆర్‌టీఎక్స్ వరుస ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ చిప్పుకూ కలిపి ఉన్న విద్యుత్తును అవసరాన్ని బట్టి అటూ ఇటూ మళ్ళించే ఏర్పాటు ఉంటుంది. ఎగువ రైతు తూము పూర్తిగా ఎత్తుకుంటే శివారు చేనుకు నీరందనట్టే, ప్రాసెసర్ అవసరానికి మించి తాగుతున్నప్పుడు ఆటకు అసలు కావలసిన గ్రాఫిక్స్ చిప్పుకు వాట్లు మిగలవు.

ప్రశ్నకర్త (మండపేట)

ఇంకా శుభ్రం చేయించలేదు గానీ, 99 పెట్టి చూశానండి. వేగం 2.7 దగ్గర కదలకుండా ఉంది, ఉష్ణోగ్రత 80 లోపే ఉంటోంది. ఫ్రేములు ఇప్పుడు అరవై అయిదు, డెబ్బై మధ్య నిలకడగా వస్తున్నాయి, కుదుపులు లేవు. అయితే 4.5 వరకూ వెళ్ళగల ప్రాసెసర్‌ను 2.7కు కట్టేయడం మనసుకు కష్టంగా ఉంది. మధ్యే మార్గం ఏదైనా ఉందా?

సమాధానం (భీమవరం)

ఉంది, పైగా మీ బాధ న్యాయమైనదే. శుభ్రం చేయించిన తరువాత మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగడమే ఉత్తమం. చిప్పు ఖర్చు చేసే విద్యుత్తు, వేగానికి సమానంగానూ, వోల్టేజికి వర్గంగానూ పెరుగుతుంది. వేగం 4.1 నుండి 3.5కు దిగితే మీరు పోగొట్టుకునేది సుమారు 15 శాతం. ఆ దిగడంతో వోల్టేజి కూడా పదో వంతు తగ్గిందనుకుంటే, విద్యుత్తు దాదాపు 31 శాతం తగ్గుతుంది. చివరి అర గిగాహెర్ట్జ్ అంత ఖరీదైనది.

ఇందుకు రెండు సెట్టింగులు ఉన్నాయి. ఒకటి 'మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ ఫ్రీక్వెన్సీ': ఇందులో 3500 అని మెగాహెర్ట్జ్‌లలో రాస్తే ప్రాసెసర్ అంతకు మించదు, 0 అంటే పరిమితి లేదని అర్థం. రెండవది 'ప్రాసెసర్ పెర్ఫార్మెన్స్ బూస్ట్ మోడ్': ఇందులో 'అగ్రెసివ్' బదులు 'ఎఫిషియెంట్ ఎనేబుల్డ్' ఎంచుకుంటే టర్బోను ఆచితూచి వాడుతుంది. ఈ రెండూ చాలా యంత్రాలలో దాగి ఉంటాయి; రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోట) ఆ సెట్టింగుకు సంబంధించిన 'ఆట్రిబ్యూట్స్' విలువను 2గా మారిస్తే పట్టికలో కనిపిస్తాయి. రిజిస్ట్రీని తాకే ముందు దాని నకలు దాచుకోండి. రెండింటినీ ఒకేసారి మార్చవద్దు, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. టర్బోకు దారి ఇవ్వాలి కనుక, వీటిలో ఒకటి పెట్టిన తరువాత 99ని తిరిగి 100 చేయండి.

వోల్టేజిని నేరుగా తగ్గించే ప్రోగ్రాముల గురించి కూడా వింటారు. 2019 డిసెంబరులో 'ప్లండర్‌వోల్ట్' అనే భద్రతా లోపం బయటపడిన తరువాత చాలా తయారీ సంస్థలు ఆ మార్గాన్ని బయోస్‌లో (విండోస్ కంటే ముందే యంత్రాన్ని నడిపించే ప్రోగ్రాములో) మూసివేశాయి. మీ యంత్రంలో అది మూసి ఉంటే తెరిపించే ప్రయత్నం చేయవద్దు. దానికంటే ఎన్‌వీడియా కంట్రోల్ ప్యానెల్‌లో 'మ్యాక్స్ ఫ్రేమ్ రేట్'ను 60 దగ్గర ఆపడం సులువు, ఫలితం కూడా వెంటనే కనిపిస్తుంది.

ప్రశ్న (నరసాపురం నుండి ఒక సభ్యురాలు)

ఇదే చర్చలో నా సందేహం కూడా అడుగుతున్నాను, మన్నించాలి. మా అబ్బాయి గేమింగ్ ల్యాప్‌టాప్ వేడెక్కడం లేదు, కానీ చార్జింగులో పెట్టి ఆడుతున్నా వేగం సగమే ఉంటోంది, బ్యాటరీ కూడా నెమ్మదిగా తరుగుతోంది. పాత అడాప్టర్ పాడైతే అదే పిన్ను ఉన్న మరొకటి కొన్నాము.

సమాధానం (భీమవరం)

అమ్మా, మీ సమస్య ఆ అడాప్టర్‌లోనే ఉండవచ్చు. దాని మీద 'అవుట్‌పుట్' అని ఉన్న చోట వోల్టులను ఆంపియర్లతో గుణించి చూడండి. 19.5 వోల్టులు, 3.33 ఆంపియర్లు అని ఉంటే అది 65 వాట్లది, మామూలు ల్యాప్‌టాప్‌లకు సరిపోయేది. గేమింగ్ యంత్రాలతో వచ్చేవి తరచుగా 20 వోల్టులు, 7.5 ఆంపియర్లు, అంటే 150 వాట్లవి. తక్కువ వాట్ల అడాప్టర్ తగిలిస్తే యంత్రం తేడాను బ్యాటరీ నుండి లాగుతుంది, లేదా వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. పవర్ ప్లాన్‌లో ఏ మార్పు చేసినా ఆ సమస్య తీరదు. యంత్రం అడుగున రాసి ఉన్న వాట్లకు, వోల్టులకు సరిపోయే అడాప్టర్ తీసుకోండి. ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు కూడా చార్జింగు గుర్తు వెలుగుతోందో లేదో గమనించండి. వెలగకపోతే 'ఆన్ బ్యాటరీ' వరుసలోని సెట్టింగులే అమలవుతాయి.

మండపేట బాబుకు మరొక మాట: విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు, ల్యాప్‌టాప్ కంపెనీ సొంత యాప్‌లో 'టర్బో', 'సైలెంట్' వంటి మోడ్‌లు మార్చినప్పుడు, మీరు పెట్టిన విలువలు చెరిగిపోవచ్చు. వాటిని ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. ఎక్కడ తేడా వచ్చిందో అంతుబట్టకపోతే ప్లాన్ సెట్టింగులలోని 'రీస్టోర్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ఫర్ దిస్ ప్లాన్' నొక్కి, మొదటి నుండి ఒక్కొక్క మార్పే చేసుకుంటూ రండి.